సాకు అంటే సాకు

కుక్కను పెంచుకోవాలంటే ఇంటి ఓనరును అడగాలన్న బుద్ధి నాకూ ఉంది. అడగడానికే వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆమె తన మాట చెప్పేసింది. నేను దాన్ని తెలుగులో విన్నాను, ఆమె కన్నడంలో అంది. గొడవంతా అక్కడే మొదలైంది.

నా పేరు ఎస్తేరు. మాది కల్వకుర్తి పక్కన పల్లె. అయిజలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. పొద్దున్నించి ముప్పై నలభై మందికి సూది గుచ్చడం నా ఉద్యోగం. నన్ను చూడగానే పిల్లలు ఏడుపు లంకించుకుంటారు, పెద్దలు చెయ్యి ఇటిచ్చి మొహం అటు తిప్పుకుంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఇమ్మానుయేల్ అంటాడు. ఉంటే ఉండనీ, ముక్కు నాదే కదా. ఆయన గద్వాలలో పత్తి విత్తనాల గోదాములో పని చేస్తాడు. రోజూ బండి మీద పోయి వస్తాడు.

మొన్న జూన్‌లో వెంకటమ్మ గారింట్లో వెనక వాటాలోకి దిగాం. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. వీధి వైపు అరుగు మీద కట్టెల పొయ్యి పెట్టుకుని రోజూ సాయంత్రం జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. మా వీధిలో సగం ఇళ్లకు రాత్రి భోజనం ఆమె చేతి రొట్టే. పిండి ముద్ద పీట మీద పడి టపటపమని తిరుగుతుంటే ఆ చేతులు చూస్తూ నిలబడిపోతాం. పుట్టింది రాయచూరు దిక్కు, నలభై ఆరేళ్ల కిందట కోడలిగా ఈ ఊరొచ్చింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది. కోపం వచ్చినప్పుడు, ఉలిక్కిపడ్డప్పుడు మాత్రం పుట్టింటి కన్నడం బయటికొస్తుంది. ఈ సంగతి వీధి మొత్తానికి తెలుసు. నాకు తెలియదు. నేను దిగి నాలుగు రోజులే అయింది.

ఆ నాలుగో రోజు సాయంత్రం ఇమ్మానుయేల్ బండి ఆపి, పక్కనున్న సంచిలోంచి టిఫిన్ డబ్బా తీయబోయి కెవ్వుమన్నాడు. డబ్బా మూత మీద ఒక కుక్కపిల్ల నిద్రపోతోంది. గద్వాలలో వాన పడుతుంటే ఎప్పుడు దూరిందో ఏమో, ముప్పై కిలోమీటర్లు హాయిగా ప్రయాణం చేసి వచ్చింది. వేరుశనగ గింజ రంగు, రెండు చేతుల్లో పట్టేంత ప్రాణం. కళ్లు తెరిచి నన్ను చూసి తోకతో పాటు వెనక సగమంతా ఊపింది. నన్ను చూసి ఎవరైనా సంతోషించి ఆ రోజుకు ఎంతకాలమైందో! అంతే, అది నాదైపోయింది.

దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని, ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకుంటూ అరుగు దగ్గరకు వెళ్లాను. 'అవ్వా' అన్నానో లేదో, అది నా చేతుల్లోంచి దూకి జొన్నపిండి పళ్లెంలో పడింది. రెండు పొర్లు పొర్లి, తెల్లగా లేచి, గట్టిగా తుమ్మి, పోయి ఆమె మోకాలి కింద దూరింది. వెంకటమ్మ పిండి చేతులు రెండూ పైకెత్తింది.

"సాకు! సాకు! సాకు!"

అడగకముందే, ఒకటి కాదు, మూడుసార్లు! మా దిక్కు సాకడమంటే పెంచడం. ఊరు కాని ఊరిలో, పిండి పళ్లెం పాడుచేసిన కుక్కపిల్లను సాకుకోమని చెప్పే మనిషి ఎంత గొప్ప మనిషి! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సాకుత అవ్వా! నా పానం లెక్క సాకుత!" అని ఆమె కాళ్లకు దండం పెట్టాను.

ఆమె నోరు తెరుచుకుని నన్నే చూసింది. ప్రేమతో మాట పెగలడం లేదనుకున్నాను.

కుక్కపిల్లకు పల్లి అని పేరు పెట్టాం. రంగును బట్టి పెట్టిన పేరు. సాయంత్రం ఐదున్నరకు నాగేశ్ తోపుడు బండి మీద వేరుశనగలు వేయించుకుంటూ "గరం పల్లీ... పల్లీ!" అని అరుస్తూ మా వీధిలోకి వస్తాడన్న సంగతి పేరు పెట్టేటప్పుడు గుర్తు రాలేదు. మొదటిరోజు పిలుపు వినగానే పల్లి చెవులు నిక్కబొడుచుకుని పరుగెత్తిపోయి బండి ముందు నిలబడింది. నాగేశ్ మురిసిపోయి ఒక గింజ వేశాడు. ఇంకేముంది, అతను రోజూ వచ్చి తనను పేరు పెట్టి పిలిచి మరీ పెడుతున్నాడని దానికి రూఢి అయిపోయింది.

పది వారాల్లో పల్లి నా మోకాలి ఎత్తు పెరిగింది. దానికి ప్రేమంటే ఎగరడమే. నేను గేటు తీస్తే చాలు, ముందు కాళ్లు నా భుజాల కోసం వెతికేవి. ల్యాబులో వేసుకునే నా తెల్లకోటు మీద రోజూ నాలుగైదు పాదముద్రలు. ఒకాయన చెయ్యి చాపి నా కోటు చూసి, "ఇక్కడ రక్తం తీసుడు మనుషులకేనా అమ్మా?" అని అడిగాడు. పక్కింటి మున్నీబీ ఆపా దాన్ని గోడవతల నుంచే ముద్దు చేసేది. దాని నాలుక తగిలితే బట్టలు మార్చుకుని, కడుక్కుని గానీ నమాజు చదవకూడదు. అందుకని అది కనబడగానే ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లోపలికి ఉరికేది. పల్లి అది ఆటనుకుని ఇంకా ఉత్సాహపడేది. నిజం చెప్పొద్దూ, నాకు ఇవేవీ పెద్ద తప్పులుగా కనబడలేదు. రోజంతా మొహాలు తిప్పుకునే మనుషుల్ని చూసి వచ్చాక, నేను ఇంటికి రావడమే పండగనుకునే ప్రాణి మీద పడితే పడనీ అనుకున్నాను.

ఆగస్టు చివర ఒక సాయంత్రం నేను గేటు తీశాను. పల్లి అరుగు మీది నుంచి ఒక్క దూకు దూకింది. అప్పుడే రొట్టెల గంపతో లేస్తున్న వెంకటమ్మకు తగిలింది. ఆమె తూలి స్తంభం పట్టుకుంది. గంప బోర్లా పడి పదకొండు రొట్టెలు దుమ్ములో దొర్లాయి. రెండేళ్ల కిందట ఆమె పడి కుడి మణికట్టు విరిగిందని, నెలన్నర రొట్టె చేయలేక కూర్చుందని నాకు తెలుసు. ఆ చెయ్యే ఆమె బతుకు. నేను పరుగెత్తి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. పల్లి మాత్రం రెండు రొట్టెలు తినేసింది.

"మొదటి రోజే సాకు అంటిని గదా!" అని అరిచింది వెంకటమ్మ.

తప్పు నాదే. అయినా ముక్కు మీది కోపం ఊరుకుంటుందా? "సాకు అన్నరనే గదవ్వా సాకుతున్న! ఇప్పుడు మాట మారుస్తె ఎట్ల?"

"మాట మార్చింది నేనా? సాకు అని నేనంటె, సాకుత అని నా మొకం మీదనే ఎదురు జెప్తివి! అద్దెకొచ్చి నాలుగొద్దులు గాలె, గంత పొగరా అని నేను నోరు మూసుకుంటిని!"

గోడవతల బట్టలు ఆరేస్తున్న మున్నీబీ ఆపా నవ్వు ఆపుకోలేక తీగ పట్టుకుని ఊగిపోతోంది. "అరె ఎస్తేరమ్మా! వెంకటమ్మక్క సాకు అంటె కాఫీ బేటా, కాఫీ!"

"కాఫీనా? కుక్కపిల్లను జూసి కాఫీ ఎందుకడుగుతరు?"

"తాగే కాఫీ కాదమ్మా! మా ఉర్దూ కాఫీ! బస్! చాలు! కన్నడంల సాకు అంటె చాలు!"

నేను అరుగు మీద కూలబడ్డాను. పది వారాలుగా నేను ఆమెను దేవత అనుకుంటున్నాను, ఆమె నన్ను మొండిఘటం అనుకుంటోంది. నేను ప్రేమతో పండ్లు తెచ్చిస్తే, కుక్క కోసం కాకా పడుతున్నానని మొహం మాడ్చుకుంది. ఆ మాడిన మొహం చూసి, పాపం మోకాళ్ల నొప్పేమోనని నేను జాలిపడ్డాను. ఇదంతా ఒక్కసారి అర్థమయ్యేసరికి నాకు నవ్వు వచ్చింది. చూడండి, నవ్వడానికి అది సమయం కాదు. పదకొండు రొట్టెలు మట్టిలో ఉన్నాయి. కానీ ఆగలేదు, పొట్ట పట్టుకుని నవ్వాను.

దాంతో వెంకటమ్మకు నిజంగా ఒళ్లు మండింది. రొట్టెల కోసం వచ్చినవాళ్లు పది మంది నిలబడి చూస్తుండగా వేలు చూపించింది.

"ఓ కల్వకుర్తామె! ఇగ ఇను. మూడు వారాలల్ల మున్నీ బిడ్డ తహసీన్ మంగ్నీ ఉన్నది. వనపర్తి నుంచి చుట్టాలు గీ తొవ్వలనే వస్తరు. ఆనాడు గీ కుక్క ఒక్కరి బట్ట ముట్టినా, తెల్లారి మా మరిది తిమ్మప్ప బండెక్కిస్త. గట్టు ఊరి కాడ ఆయన చేన్ల అడవిపందులు పడ్తున్నయంట, కావలికి కుక్క గావాలంటుండు."

"కట్టేసి ఉంచుతనవ్వా!"

"కట్టేస్తె ఏం బుద్ధి వస్తది? మెడకు తాడుంటె ఉండనీ. నీ పక్కన, అరుగు మీద కూసోవాలె. తమీజుతోని, మర్యాదగ."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. పల్లి నాలుకతో మూతి తుడుచుకుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తహసీన్ నిశ్చితార్థానికి ఇరవై ఒక్క రోజులు. పల్లి నాతో ఉంటుందో, గట్టు చేలల్లో పందుల వెంట పరుగెడుతుందో, అంతా దాని నాలుగు కాళ్లు నేల మీద ఉండటంలో ఉంది.

మర్నాడు పశువుల దవాఖానకు పరుగెత్తాను. అక్కడ ఉదయ్ కిరణ్ అని ఒక అసిస్టెంటు ఉంటాడు, నెమ్మదస్తుడు. మేకకు మందు తాగిస్తూనే నా గోడు మొత్తం విన్నాడు.

"కొడ్తుండ్రా మేడం?"

"చెప్పు జూపించి బెదిరిస్తున్న."

"దానికి అదీ ఆటనే. మీరు తిట్టినా, తోసినా, అయ్యో బంగారం అన్నా దానికి ఒక్కటే. ఎగిరితె మా అమ్మ పలుకుతది అనుకుంటది. గందుకే ఎగిరినప్పుడు పలుకొద్దు. మొకం తిప్పుకొని రాయి లెక్క నిలవడుండ్రి. నాలుగు కాళ్లు నేల మీద పెట్టిందా, గప్పుడే, ఒక్క క్షణం ఆలస్యం గాకుండ, శభాష్ అని ముక్క పెట్టుండ్రి. శనిగ్గింజంత చాలు."

సూది గుచ్చినా ఏడవని పిల్లకు నేను చాక్లెట్ ఇస్తాను కదా, ఇదీ అంతేనని తెలిసి ధైర్యం వచ్చింది. మున్నీబీ ఆపా భర్త అబ్దుల్ రహమాన్ భాయి మటన్ దుకాణంలో కార్జం తీసుకుని, ఉడకబెట్టి, చిన్న చిన్న ముక్కలు కోసి కోటు జేబులో వేసుకున్నాను. ఆ రోజు ల్యాబుకు వచ్చినవాళ్లంతా గాలి పీల్చి నా వైపు చూశారు. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే బస్టాండు దగ్గర ఒక కుక్క నా వెంట పడింది. మసీదు మలుపు దగ్గరకు నాలుగయ్యాయి. మా వీధిలోకి నేను ఏడు కుక్కలతో ఊరేగింపుగా వచ్చాను. ఇమ్మానుయేల్ గేటు దగ్గర నిలబడి, "కుక్కలకు కార్జం, నాకు చారు" అన్నాడు. చారు కూడా బాగానే ఉంటుందని చెప్పాను.

మొదటి వారం పల్లి అద్భుతంగా నేర్చుకుంది. కాకపోతే నేను నేర్పింది కాదు. నేను గేటు తీయగానే మీదికి ఎగిరేది. నేను రాయిలా నిలబడేదాన్ని. దిగి, కూర్చుని, నోరు తెరిచేది. శభాష్, ముక్క. మూడు రోజుల్లో ఎగరడం, దిగడం, కూర్చోవడం, నోరు తెరవడం నాలుగూ ఒక్క ఊపులో చేయసాగింది. నేను లేనప్పుడు మంచం మీదికి ఎగిరి, దిగి, మంచం ముందు కూర్చుని నోరు తెరిచేది. మంచం ఏమీ పెట్టకపోతే దాన్ని కోప్పడేది.

ఉదయ్ కిరణ్ విని గోడకు ఆనుకుని నవ్వాడు. "మేడం, దాని లెక్కల ఎగురుడు మొదటి మెట్టు. ఎగిరితెనే కూసునుడు, కూసుంటెనే ముక్క. మీరు దానికి నేర్పలె, అది మీకు నేర్పింది. ఎగరక ముందే పెట్టాలె. గేటు తీసుడుతోనే ముక్క నేల మీద పడాలె. తల కిందికుంటె కాళ్లు మీదికెట్ల లేస్తయ్?"

మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఈసారి అడ్డం ఇమ్మానుయేల్. నేను గేటు దగ్గర అరగంట చెమటోడ్చి నేర్పితే, ఆయన బండి దిగి చేతులు చాపి, "రావే నా తల్లీ!" అనేవాడు. తల్లి ఎగిరి ఆయన మెడ పట్టుకునేది. నాకు మండిపోయేది. తిట్టాను, అలిగాను, లాభం లేదు. ఒకరోజు ఎందుకో అలసిపోయి చేతులు చాపకుండా నిలబడ్డాడు. వెంటనే వేడి వేడి ఆమ్లెట్ వేసి పెట్టాను. మర్నాడు మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ ఆమ్లెట్. నాలుగో రోజుకు గేటు దగ్గర రాయిలా నిలబడి, పల్లి వంక కాకుండా వంటింటి వంక చూడటం మొదలుపెట్టాడు. ఎందుకో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు శ్రమ లేకుండానే విద్య అబ్బింది. సాయంత్రం రొట్టెలు చేస్తున్నంతసేపు పల్లి గంప జోలికి పోయేది కాదు. వెంకటమ్మకు ఎడమవైపు, మూరెడు దూరంలో, ముందు కాళ్లు జోడించుకుని బుద్ధిమంతురాలిలా కూర్చునేది. నా శిక్షణ ఎంత గొప్పదో చూడమని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. వెంకటమ్మ తన పని తాను చేసుకునేది. అడుగున మిగిలిన పిండితో అరచేతిలో పట్టేంత చిట్టి రొట్టె ఒకటి కాల్చుకుని, కొంగు మడతలో పెట్టుకుని, చేతులు దులుపుకుని "సాకు" అనేది. అంటే ఈ పూటకు చాలు, పొయ్యి ఆర్పొచ్చని. ఆ మాట వినగానే నేను బియ్యం కడగడానికి లోపలికి పోయేదాన్ని.

పద్దెనిమిదో రోజు నేను గేటు తీశాను. పల్లి వచ్చింది. వెనక భాగమంతా ఊగిపోతోంది, చెవులు వణుకుతున్నాయి, గొంతులో సన్నటి కూత. కానీ ఎగరలేదు. నా కాళ్ల ముందు కూర్చుని తోకతో నేలంతా ఊడ్చేసింది. ఎగరాలన్న ఆశంతా ఆ తోకలో ఉంది. నేను శభాష్ అన్నాను. నన్ను చూసి ఎగిరే ఒక్క ప్రాణికి, నేనే ఎగరొద్దని నేర్పాను. కింద కూర్చుని దాన్ని వాటేసుకున్నాను. దాని ప్రేమ ఏమీ తగ్గలేదు. ఎగిరిన కాళ్లు దిగాయి, అంతే.

మంగ్నీ రోజు ఆదివారం. మున్నీబీ ఆపా ఇంటి ముందు షామియానా వేశారు. దావతుకు నూటయాభై రొట్టెలు వెంకటమ్మవే. మధ్యాహ్నం నుంచి పెనం పొయ్యి దిగలేదు. నాగేశ్ ఇంటికి పోయి, ఈ ఒక్కరోజు మా వీధికి రావద్దని బతిమాలి వచ్చాను. "మీ మాట కాదంటనా అక్కా!" అన్నాడు. నేను అరుగు మీద, పల్లి నా పక్కన, మెడకు తాడు, నా చేతిలో తాడు కొస, జేబు నిండా కార్జం. వచ్చిన ప్రతి చుట్టానికీ ఒక ముక్క పెట్టాను. చుట్టానికి కాదు, పల్లికి. ఇరవై మంది దాటారు. ముప్పై. పల్లి కదల్లేదు. వెంకటమ్మ ఓరకంట చూస్తోంది. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

ఐదున్నర అయింది. వనపర్తి నుంచి పెద్ద కారు వచ్చి ఆగింది. పెళ్లికొడుకు తాత దిగారు. మంచు లాంటి తెల్ల లాల్చీ, తెల్ల పైజామా, తెల్ల గడ్డం. అదే క్షణంలో వీధి మలుపులో గొంతు వినబడింది.

"గరం పల్లీ... పల్లీ!"

ఇంతమంది చుట్టాలు వచ్చారని తెలిసి నాగేశ్ మనసు ఆగలేదు! తరవాత అతనికి నా చేతిలో పడిన అక్షింతలు వేరే కథ. పల్లి లేచింది. నేను తాడు బిగించబోయాను, కార్జం జిడ్డుకు సర్రున జారిపోయింది. పల్లి అరుగు దూకింది. దానికీ నాగేశ్ బండికీ మధ్య, తెల్లగా, పెళ్లికొడుకు తాత.

"దా! కూసో! ఆగు!" అని అరిచాను. చెవిన పడలేదు. కంగారులో నోటికి ఏ మాట వస్తే అది అనేశాను. "శభాష్!"

మూడు వారాలు నేనే నేర్పాను, శభాష్ అంటే నువ్వు ఇప్పుడు చేస్తున్నదే సరైన పని అని. అది పరుగెడుతోంది. అమ్మ శభాష్ అంది. రెట్టింపు వేగంతో పరుగెత్తింది. తాతగారు నిలబడ్డచోటే నిలబడి చేతులు పైకెత్తారు. మున్నీబీ ఆపా కళ్లు మూసుకుంది. నాకు గట్టు చేలు కళ్ల ముందు కనబడ్డాయి.

"సాకూ!"

వెనక నుంచి వెంకటమ్మ గొంతు. నాలుగు కాళ్లకూ బ్రేకులు పడ్డట్టు పల్లి దుమ్ము లేపుతూ ఆగింది. ఆగిందే కాదు, ఠక్కున కూర్చుంది. పైజామాకు దానికీ మధ్య జానెడు దూరం. తాతగారు మెల్లగా చేతులు దించారు.

"మాషా అల్లా!" అన్నారు. "కుక్కకు ఏం తమీజు! ఎవరు నేర్పిండ్రమ్మా దీనికి?"

నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. పల్లి లేచి నన్ను దాటుకుంటూ పోయింది. నా జేబును వాసన కూడా చూడలేదు. నేరుగా పోయి, వెంకటమ్మకు ఎడమవైపు, మూరెడు దూరంలో కూర్చుని మెడ ఎత్తింది. వీధి మొత్తం అటు చూసింది. వెంకటమ్మ ఎడమ చెయ్యి అప్పటికే కొంగు మడతలోంచి చిట్టి రొట్టె తీసి సగం దూరం చాచి ఉంది. ఆ చేతిని ఆమె ఎవరిదో చెయ్యి అన్నట్టు చూసుకుంది.

"అయ్యో అక్కా, దొరికిపోతివి!" మున్నీబీ ఆపా చప్పట్లు కొట్టింది. "నేను మూడు నెలల సంది గోడ మీంచి జూస్తున్న! ఈ పిల్ల బియ్యం కడగ లోపలికి పోవుడే, నువ్వు దానికి రొట్టె పెట్టుడే!"

"మూడు నెలల సందా!" అన్నాను. అంటే మొదటి వారం నుంచే. పిండిలో పొర్లిన వారం నుంచే!

వెంకటమ్మ మొహం పొయ్యి వేడికి ఎర్రబడిందో, సిగ్గుకో చెప్పలేను. "ఏం జేయాలె మరి? ఊకె మోకాలి కింద జొరవడుతుండె. సాకు, ఇగ పో అని ఒక తునుక ఏస్తిని. తెల్లారి సాకు అంటిని, కూసుండె. కూసున్నదానికి పెట్టకపోతె పాపం గాదా?"

"మరి గట్టుకు పంపిస్తనంటివి గదవ్వా!"

"కింద పడబోతిని, కోపమొచ్చె, పదిమంది ముందల నోరు జారితిని. అన్న మాట ఎట్ల తీసుకుంట? దానికి నువ్వన్నా జల్ది తమీజు నేర్పుతవేమో అని జూస్తుంటి." గొంతు తగ్గించింది. "నువ్వు ల్యాబుకు పోయినంక పొద్దంతా నాకు తోడు అదే గదనే."

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే కుక్కకు అదే పద్ధతిలో పాఠం చెప్పాం. నేను ఇరవై ఒక్క రోజులు, జేబుల నిండా కార్జంతో. ఆమె మూడు నెలలు, మిగిలిన పిండితో. గెలిచింది రొట్టె.

చుట్టాలు భోజనాలకు కూర్చున్నారు. పొయ్యి చల్లారేలోపు ఇంటికి నాలుగు రొట్టెలు చేద్దామని వెంకటమ్మ మళ్లీ పిండి కలుపుతోంది. ఆమె ఫోను మోగింది. చేతులు పిండి కాబట్టి నేను స్పీకరు పెట్టి పట్టుకున్నాను. గట్టు నుంచి తిమ్మప్ప.

"వదినా, పొద్దుగాల జొన్నల మూటలు ఏసుకొని బండి తెస్తున్న. నువ్వు జెప్పిన కుక్కను కట్టేసి ఉంచు, తిరిగి పోయేటప్పుడు తీస్కపోత."

వెంకటమ్మ ఒక్క క్షణం నా వంక చూసింది. "సాకు" అంది.

"సాకా? జొన్నలు సాకా? రెండు మూటలంటివి గద!"

"జొన్నలు గావాలె తిమ్మప్పా. నేను జెప్పేది కుక్క సంగతి. సాకు."

"కుక్క సాకా? నేనింకా తీస్కనే పోలె, అప్పుడే చాలా?"

"చాలు గాదురా!" వెంకటమ్మ పీట మీద అరచెయ్యి చరిచింది. "నలభై ఆరేండ్ల సంది ఈ ఊర్ల ఉన్న, నాకు తెలుగు రాదా? సాకు అంటె సాకుడు! పెంచుడు! మా ఎస్తేరు సాకుతది, నేను సాకుత! పందులకు ఇంకో కుక్కను జూసుకో!"

అవతల తిమ్మప్ప ఏమన్నాడో నేను వినలేదు. మూడు నెలలుగా నేను కల్వకుర్తామెను. 'మా ఎస్తేరు' అన్నది అదే మొదలు. ఫోను పళ్లెం మీదికి వాలిపోతున్నా చూసుకోలేదు.

"ఫోను పెట్టెయ్యి, పిండిల పడ్తది" అంది వెంకటమ్మ, నా మొహం చూడకుండా.

ఎడమవైపు, మూరెడు దూరంలో పల్లి కూర్చుని ఉంది. సాకు అన్న మాట అది వరసగా ఐదారుసార్లు వింది. ఒక్కో సాకుకూ ఒక్కో చిట్టి రొట్టె రావాలి. లెక్క తప్పే రకం కాదు. ముందు కాళ్లు జోడించుకుని, కదలకుండా, ఎగరకుండా, పూర్తి తమీజుతో ఎదురుచూస్తోంది. వెంకటమ్మ దాన్ని చూసి, పిండి ముద్దను చూసి, నిట్టూర్చి, పళ్లెంలో ఇంకో పిడికెడు పిండి వేసుకుంది.